గరిటె వినని మాట

తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగి అనంతపురం వచ్చి పదిరోజులయింది. ఆ ఊళ్ళు చూడనివాళ్ళంతా "ఎట్లుంటాయి టీచరమ్మా?" అని అడుగుతున్నారు. బాగుంటాయి. పచ్చగా ఉంటాయి. కాలవల్లో నిజంగానే నీళ్ళుంటాయి, చూస్తే మనవైపు వాళ్ళకి కడుపు మండుతుంది. ఆ మండే కడుపులోకి వాళ్ళు అన్నం కూరడం మొదలుపెడతారు. మూడు రోజుల్లో రెండు జాకెట్లకి కుట్లు విప్పుకోవలసి వచ్చింది.

నేను వెళ్ళింది తినడానికి కాదు. ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాక, మాటలు రాని పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు గీస్తున్నాను. ఎదుగుదలలో తేడా ఉండి నోటితో చెప్పలేని పిల్లలు బొమ్మ మీద వేలు పెట్టి తమకేం కావాలో చెబుతారు. తెనాలిలో ప్రసన్న అనే స్పీచ్ థెరపిస్టు ఏ పిల్లకి ఏ బొమ్మలు కావాలో ఫోన్లో చెబుతుంది, నేను గీసి కొరియర్లో పంపుతాను. అన్ని పుస్తకాలూ బాగానే నడిచాయి కానీ, రేపల్లెలో బ్లెస్సీ అనే తొమ్మిదేళ్ళ పిల్లకి పంపినది మాత్రం పనిచెయ్యడం లేదట. "ఒక్కసారి రండి మేడమ్. లోపం బొమ్మల్లో ఉందో, మనుషుల్లో ఉందో చూద్దాం" అంది ప్రసన్న.

నా బొమ్మల్లో లోపమా! ఆ మాటకే రైలెక్కాను.

తెనాలి: ముద్ద ఎట్లా బంతి అయింది

దిగగానే స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. ఇడ్లీ ప్లేటు ముప్పై ఐదు, చట్నీలు మూడు, కారప్పొడి మీద నెయ్యి. అలవాటు కొద్దీ ఉగ్గాని ఉందా అని అడిగాను.

"అదేంటండీ?" అన్నాడు హోటలాయన.

"బొరుగులు నానబెట్టి తాలింపు పెడతాం."

"బొరుగులంటే మరమరాలాండీ? టిఫినుకి మరమరాలు తింటారా?" ఆయన నా వైపు కరువు ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళని చూసినట్టు చూశాడు. చూసి ఊరుకోలేదు, ఇంకో రెండు ఇడ్లీలు తెచ్చి పళ్ళెంలో వేసేశాడు. వద్దన్నాను. "బిల్లులో రాయన్లెండి, తినండమ్మా" అన్నాడు. నేను వద్దన్నది బిల్లు గురించి కాదు, కడుపు గురించి. అయినా తిన్నాను.

ప్రసన్న క్లినిక్కు కాలవ పక్కన ఒక మేడ మీద రెండు గదులు. రేపల్లె ప్యాసింజర్లో బ్లెస్సీ, వాళ్ళమ్మ సునీత అప్పటికే వచ్చి ఉన్నారు. సునీత అంగన్‌వాడీ టీచరు, సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు నవ్వే మనిషి. బ్లెస్సీ నన్ను చూడలేదు. నా చీర కొంగు చివర మాత్రం పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. మా బంధువుల్లో ఇంతకంటే ఆప్యాయంగా పలకరించినవాళ్ళు తక్కువ.

తర్వాత నా పుస్తకం తెరిచారు. పరువు పోవడం మొదలైంది.

నీళ్ళకి నేను మట్టికుండ గీశాను. వాళ్ళింట్లో కుండే లేదు, నీళ్ళంటే ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టిన్ను. అన్నం బొమ్మలో, చెయ్యి అలవాటు కొద్దీ, పక్కన ఒక రాగిముద్ద గీశాను. గుండ్రంగా, నిగనిగలాడుతూ, నేను గర్వపడే ముద్ద. రాగిముద్ద ఎరగని పిల్ల దాన్ని బంతి అనుకుంది. ఆడుకోవాలనిపించినప్పుడల్లా ముద్ద మీద వేలు పెట్టేది. వాళ్ళు పరిగెత్తుకెళ్ళి అన్నం కలుపుకొచ్చేవాళ్ళు.

"ఆకలేస్తుంది కాబోలనుకున్నామండీ" అంది సునీత. "రోజుకి ఐదారుసార్లు అడిగేదండీ."

ప్రసన్న పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటికప్పుడు పెన్సిల్ తీసి టిన్ను గీశాను, బంతి గీశాను, ముద్ద చెరిపేశాను. ముద్ద చెరుపుతుంటే మనసు చివుక్కుమంది, నిజం చెబుతున్నా.

"ఇవి చిన్నవి మేడమ్, అసలుది చూడండి" అంటూ ప్రసన్న చివరి పేజీ తిప్పింది. పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టి మొహం తిప్పుకున్న పిల్ల బొమ్మ. 'వద్దు'. ఆ పేజీ మూల అరిగి మెత్తబడిపోయింది. "బ్లెస్సీ అన్నిటికంటే ఎక్కువ వాడేది ఇదే. మీరు సరిగ్గానే గీశారు, పిల్ల సరిగ్గానే చూపిస్తోంది. కానీ చూపించినా ఏమీ జరగట్లేదు."

ఆ తర్వాత ప్రసన్న పిల్ల ఎడమ చెయ్యి నా వైపు తిప్పింది. మణికట్టు పైన పళ్ళ గాట్లు. కొన్ని పాతవి, రెండు మూడు పచ్చివి. "వద్దు అని చెప్పడానికి తనకి రెండే దారులు మేడమ్. ఒకటి ఈ బొమ్మ, రెండోది ఇది."

సునీత ఆ చేతిని మెల్లిగా ఒళ్ళోకి తీసుకుంది. "మా అత్తయ్యగారు ఆదివారం దాకా చూస్తానన్నారండీ. మార్పు లేకపోతే పుస్తకం అటకెక్కించేస్తానన్నారు. బొమ్మలు చూపిస్తే అసలు మాటే రాదని ఎవరో చెప్పారంట."

"బొమ్మలు మాటకి అడ్డం రావు సునీతా, ఎన్నిసార్లు చెప్పాను?" అంది ప్రసన్న.

"నాకు చెప్పారండీ. ఆవిడకి ఎవరు చెప్తారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ రోజు శుక్రవారం.

బాపట్ల: చేతి మీద పెరుగు

శనివారం బాపట్లలో బ్లెస్సీ మేనత్త కొత్తిల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించింది. సునీత నన్ను కూడా తీసుకెళ్ళింది. "పిలవని పేరంటానికి నేనెందుకమ్మా?" అన్నాను. "అయ్యో, మిమ్మల్ని తీసుకురాకపోతే నన్ను రానివ్వరండీ" అంది. అక్కడ నిజంగానే అంత పని చేస్తారని తర్వాత తెలిసింది.

అత్తగారు సువార్తమ్మ గారిని అక్కడే మొదట చూశాను. అరవై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచీర, పెద్ద గొంతు, చేతిలో గరిటె. ఇల్లు కూతురిది, వంట వంటవాళ్ళది, వడ్డన మాత్రం ఈవిడది. నన్ను చూసిన రెండో నిమిషానికే వదినగారిని చేసేసుకున్నారు.

"అంత దూరం నుంచి వచ్చారు, ఏం తిన్నారో ఏంటో. కూర్చోండి వదినగారూ."

ప్రార్థన ముప్పావుగంట, భోజనం గంటన్నర. కోడికూర, గోంగూర రొయ్యలు, పప్పుచారు, పూర్ణాలు. మావైపు విందులో ఎవరైనా చాలంటే చాలు. పెట్టేవాడు పక్క ఆకుకి వెళ్ళిపోతాడు. కొంచెం బతిమాలితే బాగుండని మనమే నొచ్చుకోవాలి. ఇక్కడ చాలు అనడం ఆటలో మొదటి ఎత్తు మాత్రమే. మీరు చాలంటారు, వాళ్ళు కొంచెమేనంటారు. మీరు వద్దంటారు, వాళ్ళు మొహమాటపడకండంటారు. మీరు ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సువార్తమ్మ గారు నా చేతి మీదే పెరుగు పోశారు.

"చెయ్యి తియ్యకపోతే ఏం చెయ్యమంటారు?" అని నన్నే అడిగారు.

నేను చెయ్యి నాక్కుంటూ నవ్వుతున్నాను. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు నా పక్కనున్న బ్లెస్సీని చూశాను. ఆ పిల్ల పుస్తకం చివరి పేజీ తీసి పెట్టుకుంది. 'వద్దు' మీద వేలు. ఒకసారి కాదు, టకటకా కొడుతోంది. మేనత్త వంగి, "మా బంగారుతల్లికి మొహమాటం" అంటూ ఇంకో పూర్ణం వేసింది. బ్లెస్సీ మళ్ళీ కొట్టింది. సువార్తమ్మ గారు ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టారు. పిల్ల చెయ్యి నోటికి పోయింది, కానీ ముద్ద కోసం కాదు. సునీత లేచి పట్టుకునేలోగా మణికట్టు మీద పళ్ళు దిగిపోయాయి. తర్వాత ఏడుపు. ఆకులు జరపడం, ఎవరో నీళ్ళు తేవడం, ఎవరో ప్రార్థన చేయించమనడం.

"చూశారుగా వదినగారూ, మీ పుస్తకం" అన్నారు సువార్తమ్మ గారు. కోపంగా కాదు, బాధగానే అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. గరిటె మాత్రం వదల్లేదు.

నాకప్పుడు అర్థమైంది. నేను వద్దంటే పెరుగు పడింది, పిల్ల వద్దంటే పూర్ణం పడింది. నాకది సరదా. నేను తర్వాత వాకిట్లోకి వెళ్ళి అమ్మయ్య అనుకోగలను. ఆ పిల్లకి అది తొమ్మిదేళ్ళుగా రోజూ మూడు పూటలా జరుగుతోంది. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, అందరూ ప్రేమగా పెట్టినవాళ్ళే. అందుకే ఎవర్ని తిట్టాలో తెలియక నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం పిల్ల తేరుకోవాలని సునీతా నేనూ సూర్యలంక బీచికి తీసుకెళ్ళాం. మొక్కజొన్న కంకి ముప్పై రూపాయలు, ఇసుక ఉచితం, అది నా చెప్పుల్లో ఇప్పటికీ ఉంది. బ్లెస్సీ అల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పుస్తకం తిరగేసి ఒక బొమ్మ చూపించింది. 'ఆకాశం'. నేను పైకి చూశాను. పిల్ల నా గడ్డం పట్టుకుని కిందకి దించింది. మళ్ళీ ఆకాశం చూపించి, సముద్రం వైపు పరిగెత్తింది.

అనంతపురం దాన్ని, సముద్రం గీయాలని నాకు తోచనే లేదు. పుస్తకంలో లేని మాటకి నీలంగా ఉన్న ఇంకో మాట వెతుక్కుని వాడుకుంది ఆ పిల్ల. ముప్పై ఏళ్ళు పిల్లలకి నేర్పిన నన్ను గడ్డం పట్టుకుని దారిలో పెట్టింది. అక్కడే ఇసుకలో కూర్చుని సముద్రం గీసిచ్చాను. నాకు ఏడుపొచ్చింది, కళ్ళల్లో ఇసుక పడిందని సునీతతో చెప్పాను. ఆ అమ్మాయి నమ్మినట్టు నటించింది, మర్యాద తెలిసిన పిల్ల.

రేపల్లె: ఒక్క పూట

రాత్రికి వాళ్ళతోనే రేపల్లె వచ్చేశాను. ఆదివారం పొద్దున్నే సువార్తమ్మ గారింట్లో నిద్ర లేచి పుస్తకం తెరిస్తే చివరి పేజీ లేదు. చించలేదు, దారం విప్పి జాగ్రత్తగా తీశారు. వంటింట్లో కాఫీ కలుపుతున్న సువార్తమ్మ గారిని అడిగాను.

"నేనే తీసి బియ్యం డబ్బాలో పెట్టానండీ. అన్నం దగ్గర వద్దు అనకూడదు వదినగారూ. పిల్లకి ముందు అదా నేర్పేది? కావాలి అనేది నేర్పండి, మా అబ్బాయి ఎంత ఖర్చయినా తెచ్చి పెడతాడు."

ఇంతలో వీధిలో "రొయ్యలమ్మా, నిజాంపట్నం రొయ్యలు!" అని కేక. సువార్తమ్మ గారు గుమ్మంలోకి వెళ్ళారు. రొయ్యలమ్మే అమ్మాయి మోపెడ్ మీద నుంచి గిన్నె దించి కిలో నాలుగొందలంది.

"వద్దులే పో" అన్నారు ఈవిడ, ఇటు తిరిగి.

"అమ్మమ్మా, మూడొందల యాభైకి తీసుకో."

"వద్దంటే నీక్కాదూ? పో."

"సరే, మూడొందలు. నీ మొహం చూసి ఇస్తున్నా."

రొయ్యలు లోపలికి వచ్చాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. "సువార్తమ్మ గారూ, మీరు రెండుసార్లు వద్దన్నారు, ఆ అమ్మాయి వంద రూపాయలు దిగింది. మీ మనవరాలు నిన్న పదిసార్లు వద్దంది. గరిటె ఒక్క అంగుళం దిగిందా?"

ఆవిడ రొయ్యల గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను అదే అదనుగా ఇంకొంచెం ఎక్కువే మాట్లాడాను. "చెప్పినా వినరని తెలిస్తే ఎవరైనా చెప్పడం మానేస్తారు. తన చెయ్యి తనే కొరుక్కుంటోంది, చూస్తూనే ఉన్నారుగా. ఒక్క పూట వినండి. వింటే ఏమవుతుందో చూడండి. ఏమీ కాకపోతే పుస్తకం అటకెక్కించండి, నేనే నిచ్చెన పట్టుకుంటాను."

"మీరు బలే మాట్లాడతారండీ" అన్నారు ఆవిడ. తర్వాత బియ్యం డబ్బా మూత తీశారు. "ఒక్క పూటే."

చర్చి నుంచి వచ్చాక భోజనాలకి కూర్చున్నాం. సునీత పేజీని దారంతో కట్టి పుస్తకం పళ్ళెం పక్కన పెట్టింది. సువార్తమ్మ గారు అన్నం గరిటె ఎత్తారు. బ్లెస్సీ వేలు 'వద్దు' మీద పడింది. గరిటె గాల్లో ఆగింది. నా ఎదురుగానే జరిగింది కాబట్టి చెబుతున్నాను, ఆ గరిటె అన్నం గిన్నెలోకి వెనక్కి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

బ్లెస్సీ తలెత్తి నాయనమ్మని చూసింది. నన్ను గానీ ప్రసన్నని గానీ ఎప్పుడూ అలా చూడలేదు. పప్పు వచ్చింది. వద్దు. రొయ్యలు వచ్చాయి, పిల్లకి ప్రాణమట. వద్దు. పెరుగు. వద్దు. ఏది తెచ్చినా వద్దే. పళ్ళెం శుభ్రంగా, కడిగినట్టే ఉంది. పిల్ల లేచి, మొట్టమొదటిసారి ఏడవకుండా, కొరుక్కోకుండా, భోజనం దగ్గర్నుంచి నడిచి వెళ్ళిపోయింది.

"పస్తు పెట్టించారు కదండీ పిల్లని!" సువార్తమ్మ గారు చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆవిడా తినలేదు. ఆవిడ తినలేదని సునీత తినలేదు. ఇంటిల్లిపాదికీ పస్తు పెట్టిన ఘనత నాది. అరగంట గడిచింది. గంట గడిచింది. ప్రసన్నకి ఫోన్ చేస్తే, ఆగండి మేడమ్, నిజంగా వింటున్నారో లేదో పరీక్ష చేస్తోంది అంది. ఆగడం ఎంత కష్టమో ఫోన్లో ఉన్నవాళ్ళకి తెలియదు. నేను తప్పు చేశానేమో అని భయపడ్డాను.

మూడు గంటలకి బ్లెస్సీ పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నా దగ్గరికి రాలేదు, వాళ్ళమ్మ దగ్గరికీ వెళ్ళలేదు. నాయనమ్మ ముందు కూర్చుని 'అన్నం' మీద వేలు పెట్టింది. తర్వాత పెరుగు. సువార్తమ్మ గారు అన్నం కలుపుతూ, ఏడుస్తూ, దేవుడికి స్తోత్రం చెబుతూ, నాలుగు ముద్దలు పెట్టారు. ఐదోదానికి వేలు 'వద్దు' మీదకి వెళ్ళింది. ఆవిడ ఆ ముద్ద తన నోట్లో వేసుకున్నారు. పొద్దుట్నుంచీ ఆవిడకి అదే మొదటి ముద్ద.

పుస్తకం అటకెక్కలేదు.

ఇంక నేను బయల్దేరాలి. సాయంత్రం బండికి తెనాలి వెళ్ళి, అక్కడ మా ఊరి రైలెక్కాలి. ఆ మాట అనగానే సువార్తమ్మ గారు పాత మనిషైపోయారు. "ఇవాళ వెళ్తానంటే ఎవరు ఊరుకుంటారు? రేపు మీకోసం పీతలు తెప్పిస్తున్నా" అంటూ నా సంచి తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసేశారు. నేను వద్దన్నాను, టికెట్టుందన్నాను, చేతులు జోడించాను. ఆటో వచ్చి వీధిలో హారన్ కొడుతోంది. ఆవిడ తాళంచెవి బొడ్లో దోపుకుని నవ్వుతున్నారు. సునీత కూడా నవ్వుతోంది.

బ్లెస్సీ వచ్చింది. పుస్తకంలో మనుషుల పేజీ తీసింది, అక్కడ సునీత నిన్ననే నా ఫొటో అంటించింది. నా ఫొటో మీద వేలు పెట్టింది. పేజీ తిప్పింది. 'వెళ్ళు' మీద వేలు పెట్టింది.

ఆ పిల్ల రెండు బొమ్మలు కలిపి ఒక మాట చెప్పడం అదే మొదటిసారి. ఆ చెప్పిన మాట, ఇంటికొచ్చిన చుట్టాన్ని పొమ్మనడం! సునీత మొహం సిగ్గుతో ఎర్రబడింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఏది ఆపుకోవాలో ఆ అమ్మాయికి తెలియలేదు.

"తప్పమ్మా, చుట్టాల్ని అలా..." అంటూ సువార్తమ్మ గారు సగంలో ఆగిపోయారు. పిల్ల వేలు ఇంకా బొమ్మ మీదే ఉంది. ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పిల్ల చెప్పింది వదినగారూ" అన్నారు. "ఇంక మీరు వెళ్ళాలి."

నా జన్మలో ఎవరైనా పొమ్మంటే ఇంత సంతోషంగా చెప్పులేసుకోలేదు. ఆటో ఎక్కి వెనక్కి చూశాను. సువార్తమ్మ గారు గుమ్మంలో కింద కూర్చుని, పుస్తకం పిల్ల ఒళ్ళో పెట్టి అడుగుతున్నారు. "టీచరమ్మ గారిని మళ్ళీ రమ్మందామా, వద్దా?"

బ్లెస్సీ పేజీలు తిప్పుతూ ఆలోచిస్తోంది. నాయనమ్మ తొందరపెట్టలేదు.